దండు నడవకూడదు

"నల్లప్పకు చెప్పొద్దు," అన్నాడు బయ్యన్న. పొద్దున్నుంచి ఆయన ఆ మాట అనడం ఇది మూడోసారి.

సిద్దమ్మ మామ వైపు చూడలేదు. సంకటిముద్దలో బొటనవేలితో గుంట చేసి, అరబిళ్ల అందులో పెట్టి, పైన మళ్లీ మెత్తింది. ఉప్పు వేయని సంకటి. నిన్న పశువుల ఆస్పత్రిలో డాక్టరు ఉప్పు మానిపించాడు.

మందకుక్క దండు వసారాలో గొంగడి ముక్క మీద, ముందుకాళ్లు ఎడంగా పెట్టుకుని కూర్చుని ఉంది. పడుకుంటే దానికి ఊపిరాడదు. పది రోజులుగా కూర్చునే కునుకు తీస్తోంది. తల వాలిన మరుక్షణం ఉలిక్కిపడి దగ్గుతోంది. గొంతులో ఎముక అడ్డం పడినట్టుండే దగ్గు. మొదట్లో ఇంట్లో అందరూ ఎముకే అనుకుని నోరు తెరిచి వెతికారు. ఇప్పుడు పక్కటెముకలు తేలిపోయాయి. కడుపు మాత్రం ఈనడానికొచ్చిన గొర్రె కడుపులా కిందికి వేలాడుతోంది.

"తిను నాయనా," అంటూ ముద్దను మూతి దగ్గర పెట్టింది.

దండు వాసన చూసి తల తిప్పుకుంది. ఆమె మొహంలోకి ఒకసారి చూసి, సరే నీకోసం అన్నట్టు నోరు తెరిచింది.

"నా మాట వినపడలేదా సిద్దమ్మా?"

"వినపడింది మామా."

"మరి ఊ అనవేం?"

"ఊ అనేదానికి నోరు రాలేదు."

బయ్యన్న కర్ర నేల మీద పెట్టి దాని మీద రెండు చేతులూ ఆనించాడు. "రేప్పొద్దున మంద కదలల్ల. వాన మొహం చూసి రెండు నెలలు దాటింది. చెరువులో బురద కూడా బీటలు విచ్చింది. మొన్న మూడు గొర్రెలు పోయినాయి, నిన్న రెండు. ఇంకొక వారం ఈన్నే ఉంటే తోళ్లు ఒలుచుకునేదే మన పని. కాలువ కిందికి పోతే నాలుగు గడ్డిపోచలు దొరుకుతాయి. నల్లప్పకు ఈ సంగతి తెలిస్తే వాడు కదల్డు. నా కొడుకు నాకు తెల్దా?"

అది నిజమే. సిద్దమ్మకూ తెలుసు. అందుకే ఆమెకు నోరు రాలేదు.

నిన్న సంతకు పోయే బండిలో దండును వేసుకుని ఆమె ఒక్కతే తాలూకా ఊరికి పోయింది. నల్లప్ప రాత్రికి కూడా ఇంటికి రాకుండా మందతో గుట్ట కిందే ఉన్నాడు. ఆస్పత్రి ఎదురుగా కాఫీ హోటల్లో రేడియో యుద్ధం వార్తలు చెబుతోంది, జనం మూగి వింటున్నారు. డాక్టరు చిన్నవాడు, ఊరికి కొత్త. చెవులకు గొట్టాలు తగిలించుకుని దండు రొమ్ము మీద చాలాసేపు విన్నాడు. ఒక పక్క విని, రెండో పక్క విని, మళ్లీ మొదటి పక్కకే వచ్చాడు. ఆయన మళ్లీ అదే చోటికి వచ్చినప్పుడే సిద్దమ్మకు సంగతి అర్థమైంది.

డాక్టరు మాట కోస్తా మాట, అందులో సగం ఇంగ్లీషు. కాంపౌండరు జమాల్ సాబ్ ఆమెను పక్కకు పిలిచి, విడమరిచి చెప్పాడు.

"ఇదో అక్కా, నీకు మోట తెలుసు గదా. మోట తోలు సాగి చినిగిపోయిందనుకో. ఎద్దులు ఎంత లాగినా సగం నీళ్లు మళ్లా బావిలోకే. మడికి పారాల్సిన నీళ్లు పారవు, యాడంటే ఆడ నిలబడిపోతాయి. వీని గుండె అట్లయింది. కడుపులో ఉండేవి ఆ నిలబడిన నీళ్లే."

"మోట చినిగితే కుట్టించుకుంటాం గదా సాబూ."

జమాల్ సాబ్ బిళ్లల పొట్లానికి దారం చుట్టాడు. ఒకసారి చుడితే సరిపోయేదానికి నాలుగుసార్లు చుట్టాడు.

"తెల్లబిళ్ల నీళ్లు దించేదానికి. చిన్నది సగం సగం ఇవ్వల్ల, అది గుండెకు. ఉప్పు వద్దు. నడిపించొద్దు. పరుగైతే అసలే వద్దు."

"మందకుక్కను నడవొద్దంటే ఎట్ల సాబూ?"

"అందుకే గట్టిగా చెప్తాండా."

"నయమైతాదా?"

"బిళ్లలతో కొంచెం సులువుగా ఊపిరి తీసుకుంటాడు. నయమయ్యే జబ్బు కాదక్కా ఇది. దీపావళి చూస్తే గొప్పన్నాడు డాక్టరు."

దీపావళికి ఇంకా నెల కూడా లేదు.

ఇంటికి వచ్చి ఆ మాట చెబితే బయ్యన్న, "ఊరంతా గుక్కెడు నీళ్లకు మొత్తుకుంటాంటే, వీని కడుపులో నీళ్లు చేరిండాయా," అన్నాడు. ఆ కుక్కకు పేరు పెట్టింది ఆయనే. తొమ్మిదేళ్ల కిందట తల్లికుక్కను తోడేళ్లు చంపితే, కళ్లు తెరవని కూనను సిద్దమ్మ గొర్రెపాలలో దూది ముంచి సాకింది. ఏడాది తిరక్కుండానే అది ఒక్కటే రెండు తోడేళ్లను తరిమింది. "ఇది కుక్క కాదు, దండు," అన్నాడు బయ్యన్న. ఆ పేరే నిలిచింది.

ముసలాయనకు దండు మీద ప్రేమ లేక కాదు, చెప్పొద్దన్నది. నూట అరవై గొర్రెలు ఆయన కళ్ల ముందు ఉన్నాయి.

సిద్దమ్మకు మాత్రం వేరే ఒకటి కళ్ల ముందు ఉంది.

రెండేళ్ల కిందట వజ్రకరూరులో ఆమె తల్లి మంచాన పడింది. కబురు నల్లప్ప చెవిన పడింది. ఉన్ని కత్తిరింపు నడుస్తోంది, మనుషులు చాలడం లేదు. మూడు దినాలాగి చెబుదామనుకున్నాడు. మూడో దినం ఇంకొక కబురు వచ్చింది. సిద్దమ్మ పోయేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరింది. ఆ పొద్దు నుంచి ఆమె మొగుని మొహం చూసి మాట్లాడలేదు. వంట మానలేదు, మందకు సద్ది మోయడం మానలేదు. మాట ఒక్కటి మానింది.

కొన్నాళ్లు చూసి నల్లప్ప దండుతో మాట్లాడడం మొదలుపెట్టాడు. "దండూ, రేపు రెండు రొట్టెలు ఎక్కువ కట్టమని మీయమ్మకు చెప్పు." ఆమె కూడా దండుకే బదులు చెప్పేది. "జొన్నలు అయిపోయినాయని చెప్పు దండూ." ఊళ్లో నవ్వుకున్నారు. తర్వాత అలవాటైపోయింది, వాళ్లకూ, ఊరికీ.

పొద్దు వాలుతుండగా నల్లప్ప వచ్చాడు. తలగుడ్డ విప్పి దుమ్ము దులిపి, నేరుగా దండు దగ్గరికి పోయి ఎదురుగా గొంతుకూర్చున్నాడు. దండు తోక రెండుసార్లు నేలకు కొట్టింది. లేవబోయి, లేవలేక, మళ్లీ కూర్చుంది.

"కూచో, కూచో. మీయమ్మను అడుగురా, డాక్టరు ఏమన్నాడో."

సిద్దమ్మ చేటలో కొర్రలు చెరుగుతోంది. చేట ఆగింది. అరుగు మీద బయ్యన్న గొంతు సవరించుకున్నాడు.

"వయసైందన్నాడని చెప్పు దండూ," అంది సిద్దమ్మ. "బిళ్లలిచ్చినాడని చెప్పు."

అబద్ధం అంత సులువుగా వస్తుందని ఆమె అనుకోలేదు. చేట మళ్లీ ఆడించింది.

నల్లప్ప ముఖం తేటబడింది. "అంతేగదా. నేను ఏందేందో అనుకుంటి." దండు చెవి వెనక పిడుదును వెతికి తీశాడు. "కాలువ కింద పచ్చిగడ్డి, నిండా నీళ్లు. ఆడికి పోతే పదిహేను దినాల్లో నిగనిగలాడతావు. రేపు మందకు ముందు మనమే నడవల్ల, ఏం?"

చేట సిద్దమ్మ చేతిలో ఒరిగింది. కొర్రలు నేల మీద పడ్డాయి. ఆమె మామ వైపు చూసింది, మామ ఆమె వైపు చూశాడు. పొద్దున్నుంచి చెప్పాలా వద్దా అని కొట్లాడుకున్నారే గాని, సంగతి తెలియని నల్లప్ప దండును వెంట నడిపిస్తాడన్న ముక్క ఇద్దరికీ తోచలేదు.

"వాన్ని ఈన్నే విడిచిపో," అన్నాడు బయ్యన్న. "నాకు తోడుంటాడు."

"నీకు తోడా? మందకు ఎవరు తోడు నాయనా? పోయినేడు సిరుగుప్ప తావ తోడేళ్లు పడినప్పుడు ఎవరు నిలబడినారు? నీ తమ్ముని కొడుకు పాపన్న చెట్టెక్కినాడు." నల్లప్ప నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది. "వయసు నాకు మాత్రం కాలేదా? మెల్లగా నడుస్తాం ఇద్దరం."

సిద్దమ్మ నేల మీది కొర్రలు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది.

తెల్లవారుజామున మంద దొడ్డిలోంచి బయటికి వచ్చింది. గొర్రెలు ఎండిన గొంతులతో అరుస్తున్నాయి. పాపన్న సామాను గాడిద మీద కడుతున్నాడు. నల్లప్ప గొంగడి భుజాన వేసుకుని, ఈల వేసి, వాకిట్లోకి వచ్చాడు.

ఈలకు దండు రాలేదు. వసారాలో స్తంభానికి కట్టేసి ఉంది. పుట్టినప్పటి నుంచి దాని మెడకు తాడు తెలియదు. లాగుతోంది, లాగి దగ్గుతోంది, దగ్గు ఆగగానే మళ్లీ లాగుతోంది. పక్కన సిద్దమ్మ నిలబడి ఉంది.

నల్లప్ప తాడును చూశాడు. స్తంభం దగ్గరి ముడిని చూశాడు.

"ఎందుకు కట్టినావు?" అన్నాడు. దండును అడగలేదు. ఆమెనే అడిగాడు.

"నడవకూడదు వాడు."

"వయసైందంతే అంటివే."

"అబద్ధం చెప్పినా." సిద్దమ్మ రెండేళ్ల తర్వాత మొగుని ముఖంలోకి చూసింది. "గుండె చెడిపోయిందంట. కడుపులో ఉండేదంతా నీళ్లంట. నడిస్తే దావలోనే పోతాడు. నడవకుంటే దీపావళి దాకా ఉంటే ఉంటాడంట."

బయట పాపన్న పిలుస్తున్నాడు. "అన్నా, ఎండ పడకముందే వాగు దాటల్ల."

నల్లప్ప కదల్లేదు. కాసేపటికి వంగి, దండు ముందు కూర్చుని, అరచేయి దాని రొమ్ముకు ఆనించాడు. అలాగే ఉంచాడు. చేతి కింద అది తడబడి కొట్టుకుంటోంది. ఒక చోట ఆగినట్టే ఆగి, ఉరుకుతోంది. ఇన్నాళ్లూ ఆ రొమ్ము మీద తల పెట్టుకుని గుట్ట మీద పడుకున్నవాడు. ఇది ఎప్పుడు మొదలైందో తెలుసుకోలేకపోయాడు.

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పుంటే ఏం చేసేవానివి?"

"ఏమీ చేయను. ఏం చేసేదానికుంది?" నల్లప్ప చెయ్యి ఇంకా దండు రొమ్ము మీదే ఉంది. "రేయంతా వాని తావ కూచునేవాన్ని. అంతే."

"నేనూ అంతే," అంది సిద్దమ్మ. "మా అమ్మ తావ కూచునేదాన్ని."

నల్లప్ప తల ఎత్తలేదు. దండు తాడు లాగడం మాని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వాళ్ల మధ్య మాట తన మీదుగా పోకపోవడం దానికి కొత్త.

బయ్యన్న అరుగు దిగి వచ్చాడు. "నేనే వద్దన్నా. తిట్టల్లంటే నన్ను తిట్టు. ఆ పిల్ల నోరు నేను నొక్కినా. నూటరవై గొర్రెలు రా నల్లప్పా. నీకూ పాపన్నకూ ఉండేది అదొక్కటే."

"నేను పోను నాయనా."

"పోకుంటే?"

"తెల్దు."

"పాపన్న ఒంటిగా తోలుకుపోగలడా?"

వాకిట్లో నిలబడిన పాపన్న దీనంగా తల అడ్డంగా ఊపాడు. "నా ఒక్కనితో ఏమైతాది పెదనాయనా? ముందు నడిచేవాడొకడు, వెనక తోలేవాడొకడు ఉండల్ల గదా."

"ఒక కుక్క కోసం మందనంతా చంపుకుంటావా?" అన్నాడు బయ్యన్న. అని, ఆ మాట అన్నందుకు తానే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

సిద్దమ్మ లోపలికి పోయింది. బయటికి వచ్చినప్పుడు చీర కుచ్చెళ్లు ఎగదోపి ఉంది. చేతిలో సద్దిమూట ఉంది. నేరుగా వచ్చి మొగుని భుజం మీది గొంగడి తీసి తన భుజాన వేసుకుంది.

"నేను పోతా."

"నువ్వా?" అన్నాడు నల్లప్ప.

"నువ్వు పోతే వాడు తాడన్నా తెంచుకుంటాడు, మెడన్నా తెంచుకుంటాడు. నువ్వు ఈడుంటే కూచుంటాడు. నేను యాడికి పోయినా వానికి పట్టదు, సాయంత్రానికి వస్తాననుకుంటాడు."

"మన ఇంట్లో ఆడోళ్లు వలస పోయింది లేదు," అన్నాడు బయ్యన్న. "ఊరు ఏమనుకుంటాది?"

"ఊరు మన గొర్రెలకు గడ్డి పెడతాందా మామా?"

బయ్యన్న దారి ఇచ్చి పక్కకు జరిగాడు.

సిద్దమ్మ కొంగుముడి విప్పి పొట్లం నల్లప్ప చేతిలో పెట్టింది. "తెల్లబిళ్ల పొద్దున ఒకటి. చిన్నది సగం చేయల్ల. సంకటిలో పెట్టు, ఉత్తగా పెడితే ఉమ్మేస్తాడు. ఉప్పు తగలనియ్యద్దు."

"ఊ."

"కూచోబెట్టి వీపు నిమిరితే కొంచెం కునుకు పడతాది."

"ఊ." నల్లప్ప పొట్లం వైపే చూస్తున్నాడు. "నీళ్లు అడిగితే ఎంత పెట్టల్ల? కడుపులో నీళ్లుండాయంటివే. పెట్టల్లన్నారా, వద్దన్నారా?"

సిద్దమ్మ నోరు తెరిచి ఆగిపోయింది. డాక్టరు ముందు నిలబడినప్పుడు, జమాల్ సాబ్ ముందు కూర్చున్నప్పుడు, ఆ మాట ఆమెకు తోచనే లేదు.

"అది అడగలేదు నేను," అంది.

నల్లప్ప తల ఊపాడు. ఆమెను తప్పు పట్టలేదు. తప్పు పట్టి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

ఆమె దండు ముందు కూర్చుంది. రెండు చెవుల మధ్య చెయ్యి వేసింది. "ఈన్నే ఉండు," అంది. ఇంకేమైనా అంటే లేవలేనని తెలిసి, లేచి, మూలనున్న కర్ర తీసుకుని వాకిలి దాటింది.

మంద కదిలింది. పాపన్న గాడిదతో ముందు నడిచాడు, సిద్దమ్మ వెనక. ఊరి చివర కంపచెట్లు దాటేదాకా దండు మూలుగు వినపడుతూనే ఉంది. తర్వాత గొర్రెల అరుపుల్లో అది కలిసిపోయింది.

వాగులో ఇసుక తప్ప ఏమీ లేదు. గొర్రెలు అలవాటు కొద్దీ మూతులు వంచి, ఇసుక వాసన చూసి, తలలెత్తాయి. వాటిని అదిలించి అవతలి గట్టు ఎక్కించేసరికి సిద్దమ్మ కాళ్లు పీకుతున్నాయి. ఎండ ఎక్కుతోంది. మధ్యాహ్నానికి మిట్ట మీది బావి చేరాలి. ఆ బావిలో ఇంకా నీళ్లున్నాయని ఎవరో చెప్పారు. అక్కడ తప్పితే సాయంత్రం దాకా మరి నీళ్లు లేవు.

"వదినా," అన్నాడు పాపన్న ముందు నుంచి. అతను ఆగి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, ఆమె వెనక వైపు చూస్తున్నాడు. "ఎవరో వస్తాండారు."

సిద్దమ్మ తిరిగి చూసింది.

వాగుకు అవతల, ఊరి నుంచి వచ్చే దావలో, ఒక మనిషి, పక్కన ఒక కుక్క. మెడకు తెగిన తాడు వేలాడుతోంది. దండు పది అడుగులు వేస్తుంది, కూర్చుంటుంది. నల్లప్ప కూడా పక్కన కూర్చుంటాడు. కాసేపటికి దండు లేస్తుంది, అతనూ లేస్తాడు. ఒకసారి దాన్ని చేతుల్లోకి ఎత్తుకున్నాడు. అది గింజుకుని కిందికి దూకి, దగ్గి, మళ్లీ ఇటే నడిచింది. పట్టుకుంటే ఊపిరి తిరగక ప్రాణం పోతుంది, వదిలితే నడుస్తుంది. అతను వదిలేశాడు. అంత దూరం నుంచి కూడా ఆమెకు అది అర్థమైంది.

దండు మొగుని దగ్గరే ఉండిపోతుందనుకుంది సిద్దమ్మ. మంద కోసం వస్తోందో, తన కోసం వస్తోందో.

ఆమె ఇక్కడే నిలబడితే దండు తన దాకా వస్తుంది. ఆ ఇసుక దాటి, ఈ గట్టు ఎక్కి వస్తుంది. ఆమె ముందుకు పోతే అది ఆమె వెనకే, పడేదాకా నడుస్తుంది. వెనక్కి పోతే మంద పాపన్నకు ఆగదు.

నల్లప్ప చెయ్యి పైకెత్తాడు. రమ్మంటున్నాడో, పొమ్మంటున్నాడో తెలియలేదు.

"వదినా, బావికాడికి ఎండ ముదరకముందే పోవల్ల," అన్నాడు పాపన్న. గొంతు తగ్గించి మళ్లీ అడిగాడు. "ఏం చేద్దాం? నిలబడేదా, పోయేదా?"

దండు వాగులోకి దిగింది. ఇసుకలో దాని ముందుకాళ్లు కూరుకున్నాయి. లాక్కుంది. మరో అడుగు వేసింది.

సిద్దమ్మ చేతిలో కర్ర ఉంది. కాళ్లు ఎటూ కదల్లేదు. ఆమె చుట్టూ, ఆమెను రెండు పక్కలా రాసుకుంటూ, గొర్రెలు ముందుకు పోతూనే ఉన్నాయి.